పిల్లలకు బాధ్యత అప్పగించే క్రమం: విశాఖ తల్లిదండ్రులకు ఒక మార్గదర్శిని

వేసవి సెలవులు దగ్గరపడేసరికి ద్వారకానగర్, మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ వీధుల్లో కరెంటు స్తంభాల మీద, ఆటోల వెనుక కొత్త కరపత్రాలు వెలుస్తాయి. ఆరో తరగతి నుంచే ఐఐటీ పునాది, ఎనిమిదేళ్ల పిల్లలకు కోడింగ్, అబాకస్, చేతిరాత, వ్యక్తిత్వ వికాసం అంటూ వాటిలో చాలా రాసి ఉంటుంది. వాటిలో కొన్ని పనికొచ్చేవే. కానీ అన్నింటికీ ఫీజు కట్టిన తరువాత కూడా పదో తరగతి పిల్లవాడు ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి గాజువాకకు ఒంటరిగా వెళ్లి రాలేడు; కడుపునొప్పి ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగితే తల్లి ముఖం వైపు చూస్తాడు; ఐదు వందల నోటు ఇచ్చి కూరలు తెమ్మంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోతాడు. శిక్షణ తరగతులు ఈ లోటును పూడ్చలేవు, ఎందుకంటే అక్కడ పిల్లల చేతికి ఇచ్చేది అభ్యాసమే తప్ప నిజమైన పని కాదు. నిజమైన పనిని ఇంట్లోనూ ఊళ్లోనూ ఏ వయసులో, ఏ క్రమంలో అప్పగించాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏ ఉద్యోగానికి సిద్ధం చేయాలన్న ప్రశ్నకు ఈ ఊరి చరిత్రలోనే కొంత సమాధానం ఉంది. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1948లో ఇక్కడి నౌకానిర్మాణ కేంద్రంలో తయారైన ‘జల ఉష’ ఓడ నీటిలోకి దిగింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఓడల మరమ్మతులో చేయి తిరిగిన తాత, తన కొడుకు రోలింగు మిల్లులో షిఫ్టులు చేస్తాడని గానీ, మనవరాలు రుషికొండ మీది కార్యాలయంలో కంప్యూటరు ముందు కూర్చుంటుందని గానీ ఊహించి ఉండడు. అలాంటప్పుడు ఇప్పుడు రెండో తరగతి చదువుతున్న పాప ముప్పయ్యేళ్ల వయసులో ఏ పని చేస్తుందో తమకు తెలుసని చెప్పే కరపత్రాన్ని పక్కన పెట్టడమే మంచిది. ఆ మూడు తరాలకూ ఒకేలా అక్కరకు వచ్చినవి కొన్ని ఉన్నాయి: తెలియనిదాన్ని అడిగి తెలుసుకోవడం, డబ్బును లెక్కగా వాడటం, ముందుగా ఆలోచించి పని సర్దుకోవడం, కోపాన్నీ తొందరనూ అదుపులో పెట్టుకోవడం, చెడిన పనిని మళ్లీ చేయడం. మన శ్రద్ధ వీటి మీద ఉండాలి.

అప్పగింతలో నాలుగు దశలు

ఏ పనినైనా పిల్లలకు నాలుగు దశల్లో అప్పగించవచ్చు. మొదట మనం చేస్తూ, చేస్తున్నదాన్ని పైకి చెబుతూ ఉండగా వాళ్లు చూస్తారు. తరువాత ఇద్దరూ కలిసి చేస్తారు. మూడో దశలో వాళ్లు చేస్తుంటే మనం పక్కన ఉంటాం, అడిగితే తప్ప మాట్లాడం. చివరి దశలో మనం అక్కడ ఉండం. పని అయిన తరువాత ఎలా జరిగిందో వింటాం. చెప్పడానికి ఇది తేలికగానే కనిపిస్తుంది గానీ, మన ఇళ్లలో రెండు రకాల పొరపాట్లు తరచుగా జరుగుతుంటాయి. కొందరు రెండో దశలోనే ఏళ్ల తరబడి ఉండిపోతారు. తొమ్మిదో తరగతి పిల్ల బ్యాగును తల్లే సర్దుతూ ఉంటుంది. మరికొందరు మొదటి దశ నుంచి ఒక్కసారిగా నాలుగో దశకు దూకి, ‘ఇంత వయసొచ్చింది, ఇది కూడా తెలియదా’ అని విసుక్కుంటారు. మూడో దశే అన్నింటికన్నా కష్టమైనది. ఆ కష్టం పిల్లలది కాదు, మనది. కళ్ల ముందు పని నెమ్మదిగా, వంకరగా సాగుతుంటే చేతులు కట్టుకుని నిలబడటానికి ఓపిక కావాలి. ఆ ఓపికకు వీలుండే వేళనే పని అప్పగించాలి. పొద్దున్న ఏడున్నరకు స్కూలు బస్సు వచ్చే ముందు కాకుండా ఆదివారం మధ్యాహ్నం చొక్కా ఇస్త్రీ నేర్పడం మొదలుపెట్టాలి.

పని అయిన తరువాత మనం అనే మాట కూడా శిక్షణలో భాగమే. క్లాడియా మ్యుల్లర్, కెరొల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన పరిశోధనలో, ‘నువ్వు తెలివైనవాడివి’ అన్న పొగడ్త అందుకున్న పిల్లలు తరువాత కష్టమైన పజిళ్ల నుంచి తప్పుకోవడానికి చూశారు. తమ శ్రమను మెచ్చుకున్నప్పుడు పిల్లలు కష్టమైనవాటినే కోరుకున్నారు. అందువల్ల ‘శభాష్, నువ్వు చాలా తెలివైనదానివి తల్లీ’ అనడం కంటే ‘మొదటి దారి కుదరకపోతే రెండోది ప్రయత్నించావు, అది బాగుంది’ అని జరిగినదాన్ని గుర్తించి చెప్పడం మేలు. చేయని శ్రమను పొగిడితే పిల్లలు ఇట్టే పసిగడతారు.

రైతుబజారులో ఏం నేర్పవచ్చు

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం రైతుబజార్లలో ఏది దగ్గరైతే అది చాలు. అక్కడ ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరమాడే భయం లేకుండా చదవడం, కూడటం, పోల్చుకోవడం ముందుగా నేర్పవచ్చు. ఏడెనిమిదేళ్ల పిల్లలను ఆదివారం ఉదయం తీసుకెళ్లి, మొదటి వారాల్లో బోర్డు మీది ధరలను వాళ్లచేతనే చదివించండి. ‘టమాటా కిలో ధర ఇంత ఉంది, మనకు ముప్పావు కిలో చాలు, ఎంతవుతుంది?’ అని అడిగి, సమాధానం వచ్చేవరకు ఆగండి. వెనుక నిలబడిన వాళ్లు తొందరపెడితే ఒక అడుగు పక్కకు జరగండి గానీ సమాధానం మీరు చెప్పేయకండి. దశాంశాలు, భిన్నాలు అంటే భయపడే పిల్లలు కూడా పావు, అర, ముప్పావులను ఇక్కడ త్వరగా పట్టుకుంటారు.

రెండో విడతలో మాట్లాడే పని వాళ్లకు వదిలేయాలి. ‘మామ్మా, ఈ వంకాయలు ఈరోజు కోసినవేనా?’ అని అడగడానికి మొహమాటపడే పిల్లలకు ఆ ఒక్క వాక్యం ఇంటి దగ్గరే చెప్పించి తీసుకెళ్లండి. వరుస పెట్టి పిలవడం, గౌరవంగా అడగడం, చిల్లర తక్కువ వస్తే గొంతు పెంచకుండా చెప్పడం, ‘మళ్లీ వస్తాను’ అని నవ్వుతూ వెనక్కి తగ్గడం, ఇవన్నీ రేపు ఇంటర్వ్యూ గదిలో అవసరమయ్యే నైపుణ్యాలే. వ్యక్తిత్వ వికాస తరగతిలో అద్దం ముందు నిలబెట్టి నేర్పేవాటికంటే అపరిచితురాలైన ఒక రైతమ్మ ముందు నేర్చుకున్నవి గట్టిగా నిలుస్తాయని నా అభిప్రాయం.

పదేళ్లు దాటిన తరువాత మొత్తం వారపు కూరల బాధ్యత అప్పగించవచ్చు. ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో ఏం మిగిలిందో చూడటం, ఇంట్లో ఎవరికి ఏది పడదో గుర్తుంచుకోవడం, ఏడు రోజులకు జాబితా రాయడం, ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో వాడేయాలని, దుంపలు వారం చివరికి ఉంచవచ్చని తేల్చుకోవడం వాళ్ల పని. డబ్బు నోట్ల రూపంలోనే ఇవ్వండి. ఫోనుతో స్కాన్ చేసి చెల్లించినప్పుడు డబ్బు తరగడం చిన్నపిల్లల కంటికి కనిపించదు. చేతిలోని నోట్లు తగ్గుతూ వస్తుంటే మిగిలిన దానితో ఏది కొనాలి, ఏది మానాలి అన్న ఆలోచన దానంతట అదే మొదలవుతుంది. యూపీఐ ఆ తరువాత నేర్పినా నష్టం లేదు. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరిట పొదుపు ఖాతాను తామే నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014లోనే అనుమతి ఇచ్చింది; మిగిలిన చిల్లరను నెలకోసారి ఆ ఖాతాలో వేయడానికి బ్యాంకుకు కూడా వాళ్లనే పంపి, స్లిప్పు వాళ్లచేతే నింపించండి.

పుచ్చు వంకాయలు తప్పకుండా వస్తాయి. వడలిన తోటకూర కూడా వస్తుంది. ఆ రోజు వాటితోనే వంట చేయండి, పుచ్చు తీసేసే పని కొన్నవారికే ఇవ్వండి, ఉపన్యాసం మాత్రం ఇవ్వకండి. వచ్చే ఆదివారం వాళ్లు ఒక్కో కాయనూ తిప్పి చూసి ఏరుతుంటారు.

ధరలు ఎందుకు మారతాయన్న ప్రశ్నకు చేపలు మంచి ఉదాహరణ. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లపై సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బరు వైపు వెళితే బోట్లు వరుసగా కట్టేసి ఉండటం కనబడుతుంది. నిషేధానికి ముందు, నిషేధంలో, ఆ తరువాత కోనాం, చందువ ధరలను పిల్లలచేత ఒక పుస్తకంలో రాయిస్తే సరఫరా, గిరాకీ అన్న పాఠం ఏడాది తిరక్కముందే వాళ్ల సొంత అంకెలతో అర్థమవుతుంది. వేట లేని ఆ రెండు నెలలూ మత్స్యకార కుటుంబాలు ఎలా గడుపుతాయో కూడా అడగమనండి. ధర వెనుక మనుషులు ఉంటారన్న సంగతి అంకెలతో పాటే తెలియాలి.

పెరుగు తోడు పెట్టడం ఒక ప్రయోగం

వంటింటి పనుల్లో అంట్లు తోమడం, బియ్యం కడగడం, చపాతీ ఒత్తడం వంటివన్నీ అప్పగించవచ్చు. వాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పొయ్యి దగ్గరికి పదేళ్లు దాటిన తరువాత, పెద్దలు పక్కన ఉన్నప్పుడే రానివ్వాలి. నేను ప్రత్యేకంగా సూచించేది పెరుగు తోడు పెట్టడం. శాస్త్రీయంగా ఆలోచించడానికి ఇంతకంటే చవకైన ప్రయోగశాల దొరకదు.

కాచిన పాలను నాలుగు గ్లాసుల్లో సమానంగా పోయించండి. మొదటిదానిలో గోరువెచ్చని పాలకు ఒక చెంచా తోడు, రెండోదానిలో అవే పాలకు పావు చెంచా, మూడోదానిలో బాగా వేడిగా ఉన్న పాలకు ఒక చెంచా, నాలుగోదానిలో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని పాలకు ఒక చెంచా వేయించండి. మూత పెట్టే ముందు, ఏ గ్లాసు ముందు తోడుకుంటుందో, ఏది తోడుకోదో, ఎందుకో పిల్లలచేత రాయించాలి. ఇది మరిచిపోకూడదు, ఫలితం చూసిన తరువాత ‘నాకు ముందే తెలుసు’ అనడం మనిషి స్వభావం. మూడేసి గంటలకోసారి మూత తీసి చూసి, గమనించినది రాయాలి. బాగా వేడి పాలలో తోడులోని బ్యాక్టీరియా చనిపోతుంది, చల్లని పాలలో మందకొడిగా పెరుగుతుంది, గోరువెచ్చగా ఉన్నప్పుడు చురుగ్గా పనిచేస్తుంది. అదే ప్రయోగాన్ని డిసెంబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి చేయిస్తే విశాఖ ఉక్కకూ పెరుగు పులుపుకూ ఉన్న సంబంధం కూడా బయటపడుతుంది. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చి చూడాలన్న నియమం ఇక్కడ పట్టుబడితే భౌతికశాస్త్రం ప్రాక్టికల్స్‌లోనూ, పెద్దయ్యాక కంప్యూటరు ప్రోగ్రాములో తప్పు వెతికేటప్పుడూ అదే పద్ధతి ఉపయోగపడుతుంది.

మాట, వినికిడి, చదువు

స్కూల్లో ఇంగ్లిషు మీడియం కాబట్టి ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడాలని కొందరు నిర్ణయించుకుంటారు. తల్లిదండ్రులకు ఇంగ్లిషు ధారాళంగా వస్తే అదొక దారి. రానప్పుడు మాత్రం సంభాషణ ‘తిను’, ‘రా’, ‘చదువు’ అన్న మూడు ఆజ్ఞలకు కుదించుకుపోయి, కారణం చెప్పడం, అభ్యంతరం చెప్పడం, కథను వరుసగా చెప్పడం వంటి పెద్ద పనులకు చోటు లేకుండా పోతుంది. మనకు బాగా వచ్చిన భాషలో పిల్లలతో ఎక్కువసేపు, ఎక్కువ విషయాల మీద మాట్లాడటమే సరైన పద్ధతి. ఆలోచనను తెలుగులో స్పష్టంగా వివరించగలిగిన పిల్లలకు దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చుకోవడం అభ్యాసంతో వస్తుంది. ఆలోచనే లేనప్పుడు ఏ భాషా ఆదుకోదు.

ఐదేళ్ల లోపు పిల్లలకు రోజూ ఒక పుస్తకం పైకి చదివి వినిపించండి, మధ్యలో ఆగి ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడగండి. చదవడం వచ్చిన తరువాత వాళ్లు చదివినదాన్ని పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పమనండి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి నెలకు రెండుసార్లు తీసుకెళ్లి, ఏ పుస్తకం తీసుకోవాలో వాళ్లకే వదిలేయండి. బొమ్మల పుస్తకం తీసుకున్నా, వయసుకు మించినది తీసుకుని పది పేజీల దగ్గర ఆపేసినా ఫరవాలేదు.

పన్నెండేళ్ల వయసు వచ్చేసరికి ఇంటి తరఫున ఫోను చేసి మాట్లాడే పనులు రెండు మూడు అప్పగించవచ్చు. గ్యాసు ఏజెన్సీకి ఫోను చేసి సిలిండరు ఎప్పుడొస్తుందో కనుక్కోవడం, కేబుల్ అతనికి సమస్య వివరించడం వంటివి. మాట్లాడే ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోమనండి: ఎవరం, ఏం కావాలి, ఎప్పటికి కావాలి. డాక్టరు దగ్గర కూడా ‘డాక్టరుగారూ, నిన్న రాత్రి నుంచి గొంతు నొప్పిగా ఉందండీ’ అని మొదటి మాట పిల్లలే చెప్పాలి; మీరు చివర్లో మిగిలినది కలపండి.

ఆగడం, ముందుచూపు

మనసులో రెండు మూడు విషయాలు నిలుపుకొని పని చేయడం, నోటిదాకా వచ్చినదాన్ని ఆపుకోవడం, ఒక దారి మూసుకుపోతే మరోదానికి మళ్లడం, ఈ మూడు సామర్థ్యాలే తరువాతి చదువుకూ ఉద్యోగానికీ ఆధారమని పిల్లల మనస్తత్వాన్ని అధ్యయనం చేసేవారు గుర్తించారు. ఇవి మూడు నుంచి ఐదేళ్ల మధ్య వేగంగా పెరిగి, ఇరవయ్యో పడి నడుమ వరకు స్థిరపడుతూ ఉంటాయి. కాబట్టి పద్నాలుగేళ్ల కొడుకు తొందరపాటును చూసి ‘ఇక వీడు మారడు’ అని తీర్మానించడం శాస్త్రానికి కూడా విరుద్ధం.

ఈ సామర్థ్యాలను పెంచే ఆటలు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నాయి. వామనగుంటల్లో పద్నాలుగు గుంటల చింతపిక్కలను ఏ గుంట నుంచి తీస్తే చివరి పిక్క ఎక్కడ పడుతుందో తీసేముందే మనసులో లెక్కించాలి. పులి-మేక ఆటలో మూడు పులుల వైపు ఆడేవారు, పదిహేను మేకల వైపు ఆడేవారు పూర్తిగా భిన్నంగా ఆలోచించాలి; పిల్లలను రెండు వైపులా మార్చి మార్చి ఆడించండి, మేకల వైపు ఆడేటప్పుడు ఒక మేకను వదులుకుని పులిని కట్టేయడం ఎలాగో వాళ్లే కనిపెడతారు. నేల మీద సుద్దతో గీసుకుంటే ఖర్చు లేదు. వాళ్లు గెలవాలని మీరు కావాలని ఓడిపోకండి. ఓడినప్పుడు ఏడిస్తే ఏడవనివ్వండి, తరువాత మరో ఆట వేయండి.

ఆశను ఆపుకోగలగడం గురించి చాలామంది విన్న పరీక్ష ఒకటుంది. చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తామని చెప్పి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ చేసిన పరీక్ష అది. ఆగిన పిల్లలే జీవితంలో పైకి వస్తారన్న ప్రచారం దాని చుట్టూ పెరిగింది. 2018లో ఎక్కువమంది పిల్లలతో మళ్లీ పరిశీలించినప్పుడు, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలావరకు పలచబడింది. అంతకుముందు 2013లో వెలువడిన మరో అధ్యయనంలో, పెద్దలు మాట తప్పడం అప్పుడే చూసిన పిల్లలు ఎక్కువసేపు ఆగలేదు; మాట నిలబెట్టుకున్న పెద్దల దగ్గర చాలాసేపు ఆగారు. మన ఇంటికి దీనివల్ల తెలిసేదేమిటంటే, ‘పరీక్షలయ్యాక అరకు తీసుకెళ్తాను నాన్నా’ అని చెప్పిన తండ్రి తీసుకెళ్లాలి, కుదరకపోతే కారణం ముందుగా చెప్పి కొత్త తేదీ ఇవ్వాలి. మాట మీద నమ్మకం లేని ఇంట్లో చేతికందినదాన్ని వెంటనే తినేయడమే తెలివైన పని అని పిల్లలు అనుకుంటే వాళ్ల తప్పు లేదు.

నిద్రను కూడా ఇక్కడే ప్రస్తావించాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. రాత్రి పదకొండు వరకు ట్యూషను, తెల్లవారుజామున ఐదుకు మరో ట్యూషను పెట్టి ఏకాగ్రత లేదని వాపోవడంలో అర్థం లేదు.

తుపాను జాబితా పిల్లల బాధ్యత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు చెట్లు కూలి, కరెంటూ నీళ్లూ లేక ఊరు రోజుల తరబడి ఇబ్బంది పడింది. ఆ తరువాత పుట్టిన పిల్లలకు అది విన్న కథ మాత్రమే. ముందుచూపు నేర్పడానికి ప్రతి సెప్టెంబరులో ఇంటి తుపాను సన్నాహాన్ని పిల్లలకు అప్పగించండి. మొదట అమ్మమ్మనో, పక్కింటి తాతగారినో కూర్చోబెట్టి ఆ రోజు ఏం జరిగింది, ముందుగా ఏది సర్దుకుని ఉంటే బాగుండేది అని అడిగి రాసుకోమనాలి. ఆ సమాధానాల నుంచి వాళ్లే జాబితా తయారు చేస్తారు: టార్చి, బ్యాటరీలు, తాగునీటి క్యాన్లు, తాతగారి బీపీ మాత్రలు పది రోజులకు, ఛార్జి చేసిన పవర్ బ్యాంకు, ప్లాస్టిక్ సంచిలో ఆధారు కార్డులు, కాగితం మీద రాసిన ఫోను నంబర్లు. మీరు వెంటనే సవరించకుండా, ఒక రాత్రి అరగంట మెయిన్ స్విచ్ ఆపేసి ఆ జాబితా ప్రకారం నడిపించండి. టార్చిలో బ్యాటరీ లేదని, అగ్గిపెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలియదని అప్పుడు బయటపడుతుంది. ఆ లోపాలను జాబితాలో చేర్చే పనీ వాళ్లదే.

బస్సు, సముద్రం, ఫోను

సిటీ బస్సు ప్రయాణాన్ని కూడా నాలుగు దశల్లోనే అప్పగించాలి. మొదట మీతో కలిసి మద్దిలపాలెం నుంచి భీమిలి వరకు వెళ్తూ బోర్డు ఎలా చదవాలో, ఏ స్టాపు తరువాత ఏది వస్తుందో గమనింపజేయండి. తరువాతి ప్రయాణంలో టికెట్టు వాళ్లు తీసుకోవాలి, ఎక్కడ దిగాలో వాళ్లే చెప్పాలి. ఒక స్టాపు దాటిపోతే దాటిపోనివ్వండి, వెనక్కి నడుస్తారు. పద్నాలుగేళ్ల ప్రాంతంలో, తెలిసిన దారిలో, పగటిపూట, స్నేహితులతోనో ఒంటరిగానో పంపవచ్చు. ఆడపిల్లల విషయంలో భయం ఎక్కువగా ఉంటుందని తెలుసు. అయినా పద్దెనిమిదో ఏట హాస్టలుకు పంపే రోజున ఒక్కసారిగా అన్నీ నేర్పలేం కాబట్టి, సహాయం ఎవరిని అడగాలి, ఎలా గట్టిగా అరవాలి, ఎప్పుడు బస్సు దిగిపోవాలి అన్నవి మాట్లాడుకుంటూ చిన్న దూరాలతో మొదలుపెట్టాలి.

బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామిని చూడటానికి వెళ్లేటప్పుడు పిల్లలు అడగాల్సిన రెండు ప్రశ్నలు ఇంటి దగ్గరే రాసుకోమనండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ జలాంతర్గామి లోపల విశ్రాంత నౌకాదళ సిబ్బందే వివరాలు చెబుతారు. అన్ని రోజులు నీటి అడుగున ఉన్నవారు మంచినీళ్లు ఎలా పొదుపు చేసేవారు, వంతులవారీగా ఎలా నిద్రపోయేవారు వంటి ప్రశ్నలు ఆ పని తెలిసినవారినే అడిగే అవకాశం అది. సెల్ఫీలు తరువాత దిగవచ్చు.

సముద్రం పక్కన పెరిగే పిల్లలకు ఈత తప్పనిసరి, కానీ దాన్ని కొలనులో శిక్షకుల దగ్గరే నేర్పాలి. ఆర్కే బీచ్, రుషికొండ, యారాడల్లో లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. అలాంటి ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా తేలుతూ చేయి ఎత్తాలని, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా ఈది ప్రవాహం నుంచి బయటపడాలని నోటికి వచ్చేలా చెప్పించండి. ఈత వచ్చిన పిల్లలను కూడా పెద్దలు లేకుండా నీటిలోకి దిగనివ్వకూడదు. ఈ ఒక్క విషయంలో నాలుగో దశ లేదు.

ఫోను గురించి క్లుప్తంగా చెబుతాను. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పెద్ద పిల్లలు కృత్రిమ మేధతో హోంవర్కు చేసుకుంటున్నారన్నది వాస్తవం. నిషేధిస్తే చాటుగా చేస్తారు. ముందు తమ సమాధానం రాయాలి, తరువాత యంత్రాన్ని అడగాలి, ఆ రెండింటిలో తేడా ఎక్కడుందో, ఏది సరైనదో పాఠ్యపుస్తకం చూసి తేల్చాలి అన్న నియమం పెట్టండి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని, మోసం జరిగితే 1930కి ఫోను చేయాలని పదేళ్ల పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.

పదో తరగతి తరువాతి నిర్ణయం

ఇంతవరకు చెప్పిన పనులన్నీ చేతికి వచ్చాయో లేదో తేలేది పదో తరగతి పూర్తయ్యే వేళ. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, పాలిటెక్నిక్, ఐటీఐలలో ఏది ఎంచుకోవాలన్న నిర్ణయం చాలా ఇళ్లలో బంధువుల సలహాతో, పక్కింటి పిల్లవాడి ర్యాంకుతో జరిగిపోతుంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు బ్యాగు లేకుండా స్థానిక వృత్తిపనివారి దగ్గర నేర్చుకునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. మీ స్కూల్లో అది జరిగితే సంతోషమే, జరగకపోతే ఇంటి నుంచే ఏర్పాటు చేయవచ్చు. తొమ్మిదో తరగతి వేసవిలో పిల్లలను ముగ్గురు భిన్నమైన వృత్తులవారి దగ్గరికి పంపండి: తెలిసిన నర్సు, ఓడరేవులో పనిచేసే బంధువు, ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసే కళాకారుడు, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్, ఎవరైనా సరే. రోజంతా ఏం చేస్తారు, ఈ పనిలో విసుగు పుట్టించేది ఏమిటి, మళ్లీ పదిహేనేళ్ల వయసు వస్తే ఏం చదువుతారు అన్న మూడు ప్రశ్నలు పిల్లలే అడిగి, జవాబులు రాసుకోవాలి. కంచరపాలెంలోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు, ఇష్టపడిన జూనియర్ కళాశాలకు వాళ్లే వెళ్లి ఫీజు, కోర్సులు, ప్రయోగశాలల వివరాలు తెచ్చుకోవాలి. మీరు తోడు వెళ్లినా గేటు దగ్గర ఆగిపోండి.

తరువాత ఒక కాగితం మీద ఎంచుకున్న కోర్సు, ఎంచుకోవడానికి కారణాలు, అది కుదరకపోతే రెండో దారి, ఏడాదికి అయ్యే ఖర్చు వాళ్ల చేతిరాతలో రాయించండి. మీ అభిప్రాయం వేరుగా ఉంటే దాని కిందే మీ కారణాలతో రాసి సంతకం చేయండి. ఆ కాగితం మీద ఇద్దరూ కూర్చుని మాట్లాడిన తరువాత, దరఖాస్తు ఫారం మాత్రం పిల్లలచేతే నింపించండి.